బెంగళూరులో మంచి స్వతంత్ర కాఫీ కొట్లను వెతకడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్వతంత్ర కాఫీ కొట్టు అని దేన్ని అనాలి?

ఏ తోట గింజ కొనాలి, ఎంత వేయించాలి, చికరీ కలపాలా వద్దా, పాలు ఎక్కడ తీసుకోవాలి అన్న నిర్ణయాలు కొట్టు నడిపే మనుషుల చేతిలోనే ఉంటే అది స్వతంత్రమైన కొట్టు. ఆ నిర్ణయాలన్నీ ఎక్కడో కార్యాలయంలో జరిగిపోయి, మీ ముందున్న ఉద్యోగికి యంత్రం మీట నొక్కడం ఒక్కటే మిగిలితే అది కాదు. శాఖలు ఎన్ని అన్నది రెండో విషయం. ఒకే యజమాని నాలుగు వీధుల అవతల మరో కొట్టు తెరిచినంత మాత్రాన కాఫీ మారిపోదు. అయితే ఈ గీత ఎప్పటికీ ఒకేచోట నిలబడదు. 1996లో బ్రిగేడ్ రోడ్డులో ఒక్క కొట్టుగా మొదలైన కేఫ్ కాఫీ డే కొన్నేళ్లలోనే దేశమంతటా కనిపించింది. 2016లో ఇదే నగరంలో పుట్టిన థర్డ్ వేవ్ కాఫీ ఇప్పుడు అనేక నగరాలలో శాఖలున్న పెద్ద సంస్థ. వాటిలో కాఫీ బాగుండదని చెప్పడం లేదు; వెతక్కుండానే దొరికేవాటిని వెతకడం గురించి రాయడం అనవసరం, అంతే.

ఇండియన్ కాఫీ హౌస్ సంగతి వేరు. 1950లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేస్తున్నప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ చొరవతో పని కోల్పోయిన ఉద్యోగులే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నడుపుకున్నారు. వాటిలో మొదటి సంఘం 1957లో బెంగళూరులోనే ఏర్పడింది. పేరు ఎన్ని ఊళ్లలో కనిపించినా, పనిచేసేవారే యజమానులైన ఈ సంస్థను స్వతంత్ర కొట్ల జాబితా నుంచి తీసివేయడానికి నాకు కారణం కనిపించదు.

ఇందుకు బెంగళూరునే ఎందుకు తీసుకున్నారు?

దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకది. చిక్కమగళూరు, కొడగు, హాసన్ తోటల నుంచి గింజ ఒక్క రోజులో ఈ నగరానికి చేరుతుంది. కాఫీ బోర్డు ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే, అంబేడ్కర్ వీధిలో ఉంది. ఉద్యోగానికో చదువుకో వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారి సంఖ్య ఎంతో చెప్పనక్కర లేదు. వారిలో చాలామంది ఏళ్ల తరబడి ఆఫీసు యంత్రం కాఫీతోనే సరిపెట్టుకోవడం మాత్రం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

ఫిల్టర్ కాఫీ హోటళ్లను, కొత్తగా వచ్చిన రోస్టరీలను (గింజను తామే వేయించి కాఫీ పోసే కొట్లను) ఒకే గాటన కట్టవచ్చా?

కట్టకూడదు. వెతికేవారు ముందుగా తేల్చుకోవలసింది ఇదే. నిలబడి తాగే దర్శిని హోటలులో కాఫీ అంటే చిక్కటి డికాక్షన్, కాగిన పాలు, చక్కెర కలిసిన ఒక పానీయం. అక్కడ గింజ ఏ కొండ మీద పండిందన్నది ఎవరూ అడగరు, అడిగినా జవాబు రాకపోవచ్చు. రోస్టరీలో కాఫీ అంటే ఒక తోట, ఒక పంటకాలం, ఒక పద్ధతిలో ఆరబెట్టిన గింజ. పాలు, చక్కెర లేకుండా దాని రుచిని చూపడమే వారి పని. మొదటిదానిలో నేర్పు కలపడంలో ఉంది, రెండోదానిలో ఎంచడంలోనూ వేయించడంలోనూ ఉంది. ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలిచేవారే "ఇరవై రూపాయల కాఫీకి రెండు వందల యాభై ఏమిటి" అనో, "హోటళ్లలో పోసేది అసలు కాఫీయే కాదు" అనో అంటూ ఉంటారు. నా మటుకు, ఉదయం మొదటిదీ మధ్యాహ్నం రెండోదీ తాగేవారికి ఈ నగరం ఎక్కువగా దక్కుతుంది.

మ్యాపులోని రేటింగులను నమ్మవచ్చా?

వాటిని చదవడం తెలిస్తే కొంతవరకు నమ్మవచ్చు. రేటింగు అనేది కొట్టు మొత్తానికి వచ్చే అంకె. అందులో దోసె, పార్కింగు, గోడ మీది బొమ్మలు, పిల్లలకు ఊయల, అన్నీ కలిసి ఉంటాయి. కాఫీ గురించి మాత్రమే రాసిన అభిప్రాయాలను వేరుచేసుకోవాలి. అందుకు ఒక మార్గం ఉంది: కొట్టు పేజీలో అభిప్రాయాలను వెతికే చోట డికాక్షన్, రోస్ట్, ఎస్టేట్, పోర్ ఓవర్ (పొడి మీద చేత్తో వేడినీళ్లు పోసి దించే కాఫీ) వంటి మాటలు కొట్టి చూడండి. వందల అభిప్రాయాలున్న కేఫ్‌లో ఈ మాటలు ఒక్కసారి కూడా కనిపించకపోతే, అక్కడికి జనం వేరే పని మీద వస్తున్నారని అర్థం చేసుకోవచ్చు.

అభిప్రాయాలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చి, గడచిన రెండు మూడు నెలలవి మాత్రమే చదవడం మంచిది. కాఫీ కలిపే మనిషి మారితే కొట్టు రుచే మారిపోతుంది, పాత పొగడ్త మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. ఫొటోలలో కాఫీ కప్పు మీద నురగతో వేసిన ఆకును చూసి మోసపోవద్దు. అది పాలను నురగ పట్టించడంలో నేర్పును చూపుతుంది కానీ కింద ఉన్న కాఫీ గురించి ఏమీ చెప్పదు. దానికి బదులు మెనూ బోర్డు ఫొటో, అరలో పెట్టిన గింజల పొట్లాల ఫొటో వెతకండి. పొట్లం మీద తోట పేరు, వేయించిన తేదీ కనిపిస్తే అక్కడికి వెళ్లి చూడవచ్చు.

పాత హోటళ్ల విషయంలో మ్యాపు అంతగా ఉపయోగపడదు. పేటలోని మనుషులను, ముఖ్యంగా పొద్దున్నే పాలు, పువ్వులు అమ్మేవారిని, ఆటో స్టాండులో ఉన్నవారిని అడగడమే దగ్గరి దారి.

మంచి ఫిల్టర్ కాఫీ హోటలును చూడగానే పోల్చుకోవడానికి గుర్తులు ఉన్నాయా?

ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చూడవలసింది కాఫీ ఎంత వేగంగా అమ్ముడవుతోంది అన్నది. డికాక్షన్ దిగిన తరువాత దాని వాసన ఎక్కువ సేపు నిలవదు. గంటల తరబడి వేడి మీద ఉంచితే చేదు ముదిరి, కమురు వాసన వస్తుంది. కాబట్టి వరుసగా జనం వస్తూ, డికాక్షన్ పాత్ర ఖాళీ అవుతూ, మళ్లీ నిండుతూ ఉండే హోటలులో కాఫీ బాగుండడానికి అవకాశం ఎక్కువ. ఖాళీగా, శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్న హోటలులో అది పొద్దున దించిన డికాక్షన్ కావచ్చు. రద్దీని చూసి వెనక్కి తిరగడం ఇతర విషయాలలో తెలివైన పనే; ఇక్కడ కాదు.

తరువాత కలిపే చోట నిలబడి చూడాలి. దర్శినిలో ఉన్న సౌకర్యం ఏమిటంటే అన్నీ కళ్లెదుటే జరుగుతాయి. గ్లాసులో ముందు డికాక్షన్ పోసి, పైన పొగలు కక్కే పాలు పోసి, ఎత్తి పోస్తూ నురగ తెప్పించే మనిషి ఉంటే సంతోషించండి. పాలు, డికాక్షన్, చక్కెర అన్నీ ముందే కలిపిన పెద్ద డ్రమ్ము నుంచి కొళాయి తిప్పి పడుతుంటే ఆ కాఫీ అందరికీ ఒకేలా ఉంటుంది. మీకు కొంచెం స్ట్రాంగుగా కావాలన్నా వాళ్లు చేయగలిగింది లేదు. పాలలో నీళ్లు ఎక్కువైతే నురగ పెద్ద పెద్ద బుడగలుగా వచ్చి వెంటనే విరిగిపోతుంది. డికాక్షన్ రెండోసారి నీళ్లు పోసి దించినదైతే రంగు ఉంటుంది కానీ వాసన ఉండదు. నాలుక మీద వగరు మాత్రమే మిగులుతుంది.

ఇక రుచి. మొదటి గుక్క కొంచెం చేదుగా తగిలి, పాల తీపితో సర్దుకొని, తాగిన అయిదు నిమిషాల తరువాత కూడా నోట్లో కాఫీ వాసన నిలిచి ఉండాలి. చక్కెర ఒక్కటే గుర్తుంటే ఆ హోటలును మరచిపోవచ్చు.

చికరీ కలిపితే అది కల్తీ కాదా?

కాదు, చెప్పి కలిపినంత వరకు. చికరీ అనేది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. దానిలో కెఫీన్ ఉండదు, కానీ డికాక్షన్‌కు రంగు, చిక్కదనం, ఒక రకమైన కాల్చిన తీపి ఇస్తుంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ–చికరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంత కలిపారో పొట్లం మీద ముద్రించాలి. ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికరీ అన్నది పాలతో తాగేవారికి బాగా కుదిరే కలయిక అని నా అభిప్రాయం. దాదాపు సగం చికరీ వేసి "స్ట్రాంగ్" అని పిలిచే పొడులు ఉన్నాయి. ఆ గాఢత రంగులోనే ఉంటుంది.

ఏయే పేటలకు వెళ్లాలి?

పాత పద్ధతి కాఫీకి మొదటి పేరు బసవనగుడి. గ్రీన్ లైన్ మెట్రోలో నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడక మొదలుపెడితే, గాంధీ బజారు, శంకరపురం, డి.వి.జి. రోడ్డు అన్నీ ఒక్క ఉదయంలో తిరిగి రావచ్చు. గాంధీ బజారులో 1943లో మొదలైన విద్యార్థి భవన్ ఉంది. అక్కడికి జనం దోసె కోసం వస్తారు, కానీ దోసె తరువాత వచ్చే కాఫీని తక్కువ చేయనక్కర లేదు. శంకరపురంలో 1965 నుంచి నడుస్తున్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్ మరీ చిన్నది. ఇడ్లీ, వడ, ఖారాబాత్ (కారం ఉప్మా), కేసరిబాత్, కాఫీ, అంతే. సాంబారు కూడా ఉండదు, చట్నీ మాత్రమే. వంటకాల పట్టిక ఇంత చిన్నగా ఉన్న చోట ప్రతిదీ తాజాగా ఉండక తప్పదు, అందుకే ఈ రకం కొట్లను నేను ఎక్కువగా ఇష్టపడతాను. అక్కడి నుంచి లాల్‌బాగ్ వైపు వెళితే 1924లో స్థాపితమైన ఎం.టి.ఆర్. హోటలు వస్తుంది. దానికి ఇప్పుడు విదేశాలలో కూడా శాఖలు ఉన్నాయి కాబట్టి మన నిర్వచనంలో ఇముడుతుందా అని ఎవరైనా వాదించవచ్చు. లాల్‌బాగ్ రోడ్డులోని పాత భోజనశాలలో కూర్చున్నాక ఆ వాదన మీద ఆసక్తి తగ్గుతుంది.

మల్లేశ్వరం ఈ నగరంలో రెండో పాత కాఫీ పేట. సంపిగె రోడ్డు మెట్రో స్టేషన్ నుంచి మార్గోసా రోడ్డు మీదుగా నడిస్తే ఏడో క్రాస్ దగ్గర సి.టి.ఆర్., ఇంకా ముందుకు పోతే పదిహేనో క్రాస్ దగ్గర వీణా స్టోర్స్ కనిపిస్తాయి. మొదటిదానికి బెన్నె (వెన్న) దోసె, రెండోదానికి ఇడ్లీ పేరు తెచ్చాయి; రెండింటిలోనూ కాఫీ ఆ పేరుకు తగినట్టే ఉంటుంది. ఈ పేటలో నిజంగా గమనించవలసినవి కాఫీ పొడి కొట్లు. గింజ వేయించే వాసన వీధి మలుపు దాకా వస్తుంది; మీ ముందే మర పట్టి ఇస్తారు.

జయనగర్‌ను దర్శిని హోటళ్ల పుట్టిల్లు అనవచ్చు. 1983లో ఇక్కడ తెరిచిన కేఫ్ దర్శినితోనే నిలబడి తిని, తాగి వెళ్లే ఈ పద్ధతి స్థిరపడిందని చెబుతారు. నాలుగో బ్లాకు చుట్టుపక్కల ఎటు నడిచినా ఒక మంచి కాఫీ దొరుకుతుంది.

ఎం.జి. రోడ్డు మెట్రో దగ్గర కథ మారుతుంది. ఇండియన్ కాఫీ హౌస్ 2009లో ఎం.జి. రోడ్డు నుంచి చర్చ్ స్ట్రీట్‌కు మారింది. కాఫీ మాత్రమే కొలతగా పెట్టుకుంటే అది నగరంలో మొదటి వరుసలో నిలవదు. కానీ తలపాగా కట్టిన పనివారు, తొందరపెట్టని బల్లలు ఉన్న చోటు మరొకటి చూపించడం కష్టం. సెయింట్ మార్క్స్ రోడ్డులోని కోశీస్ కూడా అటువంటిదే. అక్కడ కాఫీ అనేది గంటల తరబడి కూర్చోవడానికి కట్టే అద్దె. చర్చ్ స్ట్రీట్‌లోనే మాటియో కాఫియా వంటి కొత్త తరం కేఫ్‌లు ఉన్నాయి.

రోస్టరీలకు ఇందిరానగర్, కోరమంగళ ముఖ్యమైనవి. కోరమంగళలో కేరళ పద్ధతి పాత ఇంట్లో నడుస్తున్న ద్యూ ఆర్ట్ కేఫ్ నడిమి వాకిలిని చూడడానికే వెళ్లవచ్చు. ఈ పేటల్లో కొట్లు త్వరగా తెరుచుకుంటాయి, త్వరగా మూతపడతాయి; అద్దెలు అలాంటివి. అందువల్ల పేర్ల జాబితా కన్నా, కొత్త కొట్టును పరీక్షించడం తెలుసుకుంటే ఎక్కువ కాలం పనికివస్తుంది.

ఏ వేళకు వెళితే మంచిది?

పాత హోటళ్లకు ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో. మధ్యాహ్నం రెండు గంటలకు ఎంత పేరున్న హోటలులోనైనా డికాక్షన్ అలసిపోయి ఉంటుంది. రోస్టరీలకు వారం మధ్యలో, జనం పలచగా ఉన్న మధ్యాహ్నం వెళ్లాలి. అప్పుడు కాఫీ చేసే మనిషికి మాట్లాడే తీరిక ఉంటుంది, చేత్తో పోసే కాఫీకి కావలసిన మూడు నాలుగు నిమిషాల శ్రద్ధ కూడా దొరుకుతుంది. ఆదివారం పదకొండింటికి వెళ్లి సేవ బాగా లేదని రాయడం అన్యాయం.

రోస్టరీ మెనూలో తోటల పేర్లు, అర్థం కాని మాటలు ఉంటాయి. వాటిని ఎలా చదవాలి?

మొదట తోట పేరు, ప్రాంతం ఉంటాయి. రత్నగిరి, కెరెహక్లు చిక్కమగళూరు వైపువి. అత్తికాన్ బిళిగిరిరంగన కొండలది. రివర్‌డేల్ తమిళనాడులోని యేర్కాడుది. తోట పేరు రాయడం గొప్ప కోసం మాత్రమే కాదు. ఆ గింజ ఎక్కడిదో రోస్టరీకి తెలుసునని, రైతుతో నేరుగా లావాదేవీ ఉండే అవకాశం ఉందని అది సూచిస్తుంది. "ప్రీమియం అరబికా" (కాఫీలో రెండు ముఖ్య రకాలు అరబికా, రోబస్టా) అని మాత్రమే రాసి ఉంటే అడగవలసిన ప్రశ్నలు మిగిలి ఉన్నట్టే.

తరువాత పండును గింజగా మార్చిన పద్ధతి ఉంటుంది. వాష్డ్ అంటే గుజ్జు తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టినది. రుచి శుభ్రంగా, పులుపు స్పష్టంగా ఉంటుంది. నేచురల్ అంటే పండును పండుగానే ఎండబెట్టినది. ఎండిన పళ్ల తీపి, కొన్నిసార్లు కల్లు వంటి వాసన కూడా వస్తుంది. హనీ అన్నదానిలో తేనె ఉండదు, గుజ్జులో కొంత భాగాన్ని గింజకు అంటి ఉండగానే ఆరబెడతారు. మన వ్యాపారుల పాత లెక్కలో కడిగిన అరబికాను ప్లాంటేషన్ అని, పండుతో ఎండినదాన్ని చెర్రీ అని అంటారు. పొడి కొట్లలో ఇప్పటికీ ఆ మాటలే వినిపిస్తాయి. పీబెర్రీ అంటే పండులో రెండు పలుకులకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగిన గింజ. మాన్సూన్డ్ మలబార్ అంటే పడమటి తీరంలో వానాకాలపు గాలికి వారాల తరబడి ఉంచి, ఉబ్బి, పులుపు తగ్గిన గింజ. పులుపు గిట్టనివారు దానితో మొదలుపెట్టవచ్చు.

స్పెషాలిటీ అన్న మాట అలంకారం కాదు. శిక్షణ పొందినవారు రుచి చూసి నూటికి ఎనభై లేదా అంతకు మించి మార్కులు వేసిన గింజకు ఆ పేరు. కానీ బోర్డు మీద ఆ మాట రాసుకోకుండా ఎవరూ ఎవరినీ ఆపరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వేయించిన తేదీ. వేయించిన గింజ కొన్ని రోజులు బొగ్గుపులుసు వాయువును వదులుతూ ఉంటుంది, అందువల్ల మరీ ఆ రోజుదే అక్కరలేదు. సుమారుగా వారం నుంచి నెల లోపల అది తన రుచిని బాగా ఇస్తుంది. తేదీ చెప్పలేని రోస్టరీకి రెండోసారి వెళ్లవలసిన అవసరం లేదు.

కొత్త కొట్టులో మొదటిసారి ఏమి అడగాలి, ఏమి తాగాలి?

"ఈ వారం మీకు బాగా నచ్చిన గింజ ఏది?" అని అడగండి. కాఫీ మీద ప్రేమ ఉన్న మనిషి ఆ ప్రశ్నకు వెలిగిపోతారు. లేనివారు మెనూలో అన్నిటికన్నా ఖరీదైనదాన్ని చూపిస్తారు. ఆ గింజతో చేత్తో పోసిన నల్ల కాఫీ తీసుకోండి. వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, గోరువెచ్చగా అయ్యాక ఒకసారి రుచి చూడండి. మంచి కాఫీ చల్లారేకొద్దీ తీపి, పళ్ల రుచులు బయటపడతాయి. నాసిది చల్లారితే మాడిన చేదు మిగులుతుంది. పాలు లేకుండా తాగలేనివారు చిన్న కప్పు కాపుచినో తీసుకోవచ్చు, కానీ చాక్లెట్ పొడులు, సిరప్‌లు కలిపినవాటితో కొట్టును అంచనా వేయడం కుదరదు.

కాఫీ చేసే తీరును కూడా గమనించండి. గింజను అప్పటికప్పుడు మర పడుతున్నారా, తూకం వేస్తున్నారా, యంత్రం ఆవిరి గొట్టాన్ని ప్రతిసారీ గుడ్డతో తుడుస్తున్నారా? ఎండిన పాలు అంటుకున్న గొట్టం కనిపిస్తే నేనైతే నల్ల కాఫీతో సరిపెట్టుకుంటాను.

ధరలో ఇంత తేడా ఎందుకు?

దర్శినిలో కాఫీ పదిహేను నుంచి ముప్పై రూపాయల మధ్య, రోస్టరీలో నల్ల కాఫీ సుమారు రెండు వందల నుంచి మూడు వందల యాభై మధ్య ఉంటుంది. దర్శిని నిమిషానికి ఎన్నో గ్లాసులు అమ్ముతుంది, మీరు అక్కడ నిలబడేది అయిదు నిమిషాలు. రోస్టరీలో ఒక్క కప్పుకు పదిహేను గ్రాములో అంతకన్నా ఎక్కువో మేలురకం గింజ, ఒక మనిషి సమయం, మీరు గంటన్నర కూర్చునే కుర్చీ అద్దె అన్నీ కలిసి ఉంటాయి. పాలు, గింజల ధరలు పెరగడం దర్శినినే ఎక్కువగా దెబ్బతీసింది. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక పాల సమాఖ్య అమ్మే నందిని పాల ధర లీటరుకు నాలుగు రూపాయలు పెరిగింది. గ్లాసు మీద రెండు రూపాయలు పెంచితే వాడుక మనుషులు అడుగుతారు, పెంచకపోతే గ్లాసు చిన్నదవుతుంది.

బిల్లులో సర్వీస్ చార్జీ కనిపిస్తే దాన్ని తీసివేయమని అడిగే హక్కు మీకు ఉంది; కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదు.

కన్నడ రాకపోతే ఇబ్బందా?

పెద్దగా లేదు; చాలా హోటళ్లలో తెలుగు కూడా అర్థమవుతుంది. అయినా "ఒందు స్ట్రాంగ్ కాఫీ కొడి" అని, చక్కెర తక్కువ కావాలంటే "సక్కరె కమ్మి" అని కలిపే మనిషితో నేరుగా చెబితే కాఫీ మెరుగ్గా వస్తుందన్నది నా నమ్మకం. ఒక కాఫీని ఇద్దరు పంచుకోవాలంటే "బై టూ" అంటే చాలు. చక్కెర అసలు వద్దనుకునేవారు టోకెను తీసుకునేటప్పుడే చెప్పాలి.

లాప్‌టాప్ పెట్టుకొని పని చేసుకోవచ్చా?

రోస్టరీలలో చాలావరకు పనిదినాల్లో ఒప్పుకుంటారు, సెలవు రోజుల్లో ఇష్టపడరు. రెండు గంటలకు ఒకసారి ఏదైనా ఆర్డరు చేయడం మర్యాద. దర్శినిలో ఆ ప్రశ్నే రాదు, కుర్చీ ఉండదు కాబట్టి.

అరకు కాఫీ బెంగళూరులో దొరుకుతుందా?

దొరుకుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన రైతులతో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పని నుంచి పుట్టిన అరకు కాఫీ సంస్థ 2017లో పారిస్‌లో కొట్టు తెరిచింది, 2021లో ఇందిరానగర్‌లో కేఫ్ ప్రారంభించింది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది కొడగు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకూ వయనాడు రోబస్టాకూ వచ్చింది. ఇందిరానగర్ కేఫ్‌కు వెళ్లిన తెలుగువారు అభిమానంతో పెద్ద పాల కాఫీ తెప్పించుకోవడం తరచుగా కనిపిస్తుంది. ఆ గింజ గొప్పతనం తెలియాలంటే ఒక్కసారైనా నల్లగా తాగాలి.

విశాఖ వైపు వెళ్లేవారికి గిరిజన సహకార సంస్థ అమ్మే అరకు పొడి తక్కువ ధరకు దొరుకుతుంది. రోజువారీ వాడకానికి అది సరైన ఎంపిక.

ఇదే పద్ధతిని హైదరాబాదులో వాడవచ్చా?

రోస్టరీల వరకు యథాతథంగా వాడవచ్చు. బంజారాహిల్స్‌లో మొదలైన రోస్టరీ కాఫీ హౌస్ ఇప్పుడు ఇతర నగరాలకూ వెళ్లింది, దాని వెనకాల చాలా చిన్న కొట్లు వచ్చాయి. ఫిల్టర్ కాఫీ విషయంలో మాత్రం అక్కడి పరిస్థితి వేరు. ఇరానీ హోటలుకు వెళ్లి కాఫీ అడగడం ఆ హోటలుకూ మీకూ మంచిది కాదు. అక్కడ చాయే తాగాలి. కాఫీని ఉదయం రద్దీగా ఉండే టిఫిన్ హోటళ్లలో వెతకాలి.

నచ్చిన పొడిని ఊరికి తీసుకెళ్లాలంటే?

పొడికి బదులు గింజనే తీసుకోవడం మేలు. మర పట్టిన పొడి వాసన రోజుల్లోనే తగ్గిపోతుంది, గింజ అయితే వారాలు నిలుస్తుంది. ఇంట్లో మర లేకపోతే పావుకిలో మించి మర పట్టించవద్దు. ఇంటి ఫిల్టరుకు కావాలని కొట్టులో తప్పకుండా చెప్పాలి. మరీ మెత్తగా పడితే డికాక్షన్ దిగక నీళ్లు పైనే నిలిచిపోతాయి, గరుకుగా పడితే జారిపోయి పలచనవుతుంది. మల్లేశ్వరం, గాంధీ బజారు కొట్లలో ప్లాంటేషన్ ఎంత, పీబెర్రీ ఎంత, రోబస్టా ఎంత, చికరీ ఎంత అని మీరే చెప్పి కలిపించుకోవచ్చు. ఎటూ తేల్చుకోలేనివారు ప్లాంటేషన్, పీబెర్రీ చెరి సగం కలిపి, చికరీ పదిహేను శాతం కలిపించుకొని చూడండి. ఆ నిష్పత్తిని పొట్లం మీదే రాయించుకుంటే మరోసారి వచ్చినప్పుడు అయిదు శాతం అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఇంటికి చేరాక గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది, పక్కన ఉన్న ఉల్లిపాయ వాసన కూడా పట్టుకుంటుంది.